ఎద్దు పళ్ళ నుంచి అవర్ మీటర్ దాకా: మనవాళ్ళు పాత బండికి ధర కట్టిన తీరు



ఆ మధ్య ఆర్.ఎస్. పురం నుంచి మన సంఘం సభ్యురాలు, మేమంతా అక్కయ్య అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసింది. బావగారు కాలం చేసి ఏడాది కావస్తోంది. తొండాముత్తూరు వైపు వాళ్ళ కొబ్బరి తోటలో ఒక చిన్న ట్రాక్టర్ షెడ్డులోనే నిలబడిపోయింది. తోట కౌలుకిచ్చారు, కౌలుదారుకు సొంత బండి ఉంది. ఒక బ్రోకర్ వచ్చి చుట్టూ తిరిగి చూసి, "లక్షా పదివేలమ్మా, ఇంకో ఆరు నెలలాగితే అదీ రాదు" అన్నాడట.

"ఎక్కువ రావాలని నాకు ఆశ లేదు. ఆయన దాన్ని బిడ్డలా చూసుకున్నారు, తెలియక దాన్ని పారేసినట్టు కాకూడదు. ధర ఎంతో మీరు చూసి చెప్పండి" అంది అక్కయ్య.

మేము ముగ్గురం బయలుదేరాం. దారిలో, మన పెద్దలు పాత వస్తువుకు ధర ఎలా కట్టేవాళ్ళన్న మాట వచ్చింది. ఆ ముచ్చట అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

విజయనగర రాజుల, మధుర నాయకుల కాలాల్లో మనవాళ్ళు ఈ వైపుకొచ్చి నల్లరేగడి నేలల్లో స్థిరపడ్డారు. కోయంబత్తూరు పడమటి కనుమల చాటున ఉంది, వాన తక్కువ. అందుకే ఇక్కడ భూమిని నీటిని బట్టి పిలుస్తారు. వాన మీద పండేది కాడు, కాలువ కిందిది వయలు, బావి కిందిది తోట్టం. దొరల రెవెన్యూ లెక్కల్లో 'గార్డెన్' భూమి అన్నా ఈ బావి కింది తోటే, పూలతోట కాదు. మన కథంతా ఈ తోటలోనే నడిచింది.

తోటకు ప్రాణం బావి, బావికి ప్రాణం ఎద్దులు. లోతు బావుల్లోంచి తోలు బానతో కపిల తోలాలంటే మంచి జత కావాలి. కాంగేయం ఎద్దులకు అందుకే అంత పేరు. కన్నపురం మారియమ్మ జాతర సంతలో బేరం ఎలా జరిగేదో మన తాతలు చెప్పగా విన్నాం. ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తారు. రెండు పళ్ళంటే వయసు రెండు దాటింది, ఎనిమిది పళ్ళంటే నాలుగైదేళ్ళు. ఆపైన పళ్ళ అరుగుదలే లెక్క. తర్వాత మెడ మీద కాడి మచ్చ చూస్తారు, నడిపించి గిట్టలు చూస్తారు, సుడులు చూస్తారు. చివరికి తుండు కింద వేళ్ళు పట్టుకుని ధర తేలుస్తారు. కొమ్ములు చెక్కి నూనె రాసి ముసలి ఎద్దును కోడెలా చూపించే దళారులూ ఉండేవాళ్ళు. కొమ్ము చూసి మురిసినవాడు మోసపోయేవాడు, మెడ చూసినవాడికి నిజం తెలిసేది. వయసు పళ్ళు చెప్తాయి, చేసిన పని మెడ చెప్తుంది. ఈ రెండూ వేరని మన పెద్దలకు ఆనాడే తెలుసు.

తర్వాత యంత్రాల కాలం వచ్చింది. 1893లో కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు గారి కథ మన పిల్లలందరికీ తెలుసు. ఒక దొర నడిపే రడ్జ్ మోటార్ సైకిల్ చూసి మనసు పారేసుకుని, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఆ వాడిన బండినే కొని, విప్పి, మళ్ళీ బిగించారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య బస్సు నడిపారు. ఆ పాత బండి ఆయనకు బడి అయింది. ఎంత తిరిగినదని ఆయన చూడలేదు, లోపల ఏముందో చూశారు.

1926లో పి.ఎస్.జి. ధర్మసంస్థ ఏర్పడింది, దాని కింద పనిముట్ల చదువు మొదలైంది. 1930ల మొదట్లో పైకారా కరెంటు వచ్చింది. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి చేసిన మోటార్, దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటార్‌గా పేరు తెచ్చుకుంది. ఊరినిండా ఫౌండ్రీలు, లేత్ పట్టరలు, వైండింగ్ అంగళ్ళు వెలిశాయి. దీనివల్ల పాత వస్తువు ధరే మారిపోయింది. మోటార్ కాలిపోతే రాగి తీగ మళ్ళీ చుట్టించి బావిలో దించేవాళ్ళు. షాఫ్టు అరిగితే తిప్పించేవాళ్ళు. వేరే ఊళ్ళో తూకానికి పోయే వస్తువుకు ఇక్కడ ఇంకా పని ఉండేది. బాగుచేసే చెయ్యి పక్కనే ఉంటే పాత వస్తువుకు విలువ నిలుస్తుంది.

ట్రాక్టర్ ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ వాళ్ళు మన దేశంలో మొదటి ట్రాక్టర్ తయారుచేశారు. పెద్ద బండి కొబ్బరి, పోక, అరటి చెట్ల మధ్య తిరగలేదు. ఎద్దులు తగ్గి, కూలీలు దొరకక, తోటలవాళ్ళు ముందు పవర్ టిల్లర్లు, ఆ తర్వాత 15 నుంచి 20 హెచ్‌పి చిన్న ట్రాక్టర్లు కొన్నారు. బావగారి బండీ ఆ రకానిదే. కొన్న ధర 3,60,000. వయసు ఆరేళ్ళు. అవర్ మీటర్‌లో 3,600 గంటలు.

ముందు కాగితం మీద లెక్క వేశాం. వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులకు నేర్పే లెక్కలో ట్రాక్టర్ ఆయుష్షు పదేళ్ళు లేదా 10,000 గంటలు, చివరికి మిగిలే తుక్కు విలువ కొన్న ధరలో పదో వంతు. అంటే 36,000 పక్కన పెట్టి మిగతా 3,24,000ను పంచాలి. ఏళ్ళ ప్రకారం ఏడాదికి 32,400 తరుగు, ఆరేళ్ళకు 1,94,400. మిగిలిన విలువ 1,65,600. గంటల ప్రకారమైతే 3,600 గంటలకు తరుగు 1,16,640 మాత్రమే, మిగిలిన విలువ 2,43,360. ఆడిటర్లు వేసినట్టు ఏడాదికి 15 శాతం చొప్పున మిగిలినదాని మీద తగ్గించుకుంటూ పోతే సుమారు 1,35,800.

ఒకే బండికి మూడు ధరలు. ఏళ్ళ లెక్క పళ్ళు చూడటం లాంటిది, గంటల లెక్క మెడ చూడటం లాంటిది. మూడోది కొత్త బండి ధర మొదటి ఏళ్ళలోనే ఎక్కువగా పడిపోతుందన్న నిజాన్ని చెప్తుంది. బ్రోకర్ చెప్పినది మాత్రం మూడింటికీ కిందే ఉంది.

ఇక బండి దగ్గరికి వెళ్ళాం. మీటర్ తీగ పీకేసి నడిపేవాళ్ళున్నారు, అది ఈ కాలపు కొమ్ము చెక్కడం. అందుకే మీటర్‌ను ఒక్కదాన్నే నమ్మకుండా క్లచ్, బ్రేక్ పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ ఆట, సీటు చూశాం. కొత్త బ్యాటరీ తగిలించి చల్లటి ఇంజన్‌నే స్టార్ట్ చేశాం. వేడి చేసి ఉంచిన ఇంజన్ చాలా లోపాలు దాస్తుంది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, అది రాలేదు. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్ళు కలిసినట్టు, అదీ లేదు. రోటవేటర్ పైకెత్తి ఇంజన్ ఆపేశాం. అది మెల్లగా కిందికి దిగింది, హైడ్రాలిక్ సీళ్ళు పోయాయి. వెనక టైర్లు అరిగాయి. బ్యాటరీ ఎలాగూ చచ్చింది. మూడింటికీ కలిపి 34,000 అవుతుందని మెకానిక్ చెప్పాడు.

గంటల విలువ, ఏళ్ళ విలువ కలిపి సగం చేస్తే 2,04,480. రిపేరు ఖర్చు తీస్తే 1,70,000 చిల్లర. దానికి తగ్గొద్దు, 1,90,000 నుంచి బేరం మొదలుపెట్టు అన్నాం.

అప్పుడు అక్కయ్య షెడ్డు గూట్లోంచి ఒక పాత నోటు పుస్తకం తెచ్చింది. ఏ గంటకు ఆయిల్ మార్చారో, ఏ రోజు ఫిల్టర్ వేశారో బావగారు మొదటినుంచీ రాసుకున్నారు. మాటలు తెలుగు, అక్షరాలు అరవం. మనలో చాలామంది ఇళ్ళలో మాట్లాడే తెలుగుకు అక్షరం అదే కదా! చివరి వరుసలో 3,500 గంటలకు ఆయిల్ మార్పు. మీటర్ అబద్ధం చెప్పడం లేదని తేలిపోయింది. మా పెడల్ పరీక్షలన్నిటికంటే ఆ పుస్తకమే పెద్ద సాక్ష్యం.

పదిహేను రోజుల్లో పక్క ఊరి పోకతోట రైతు వచ్చాడు. పుస్తకం తిరగేసి, టైర్ల సంగతి ఒక్కటే ఎత్తి, 1,75,000కు తీసుకున్నాడు. బ్రోకర్ చెప్పినదానికంటే 65,000 ఎక్కువ. కొన్నవాడూ నష్టపోలేదు, ఏమేం మార్చాలో ముందే తెలిసి కొన్నాడు.

ఒక్క ఇబ్బంది మిగిలింది. ఆర్.సి. బుక్కు బావగారి పేరు మీదే ఉంది. యజమాని చనిపోతే ముందు ఫారం 31తో వారసుల పేరుకు మార్చుకోవాలి, ఆ తర్వాతే 29, 30 ఫారాలతో కొన్నవారికి మారుతుంది. బ్యాంకు అప్పు ఎప్పుడో తీరినా బుక్కులో అలాగే ఉండిపోయింది, దానికి ఫారం 35. ఇవన్నీ తీరడానికే ఎక్కువ తిరగాల్సి వచ్చింది.

బంధువులారా, మీ తోటల్లో బండి ఉంటే ఈ రోజే ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ అక్షరాల్లో రాసినా సరే. అప్పు తీరిన రోజే బుక్కు సరిచేయించుకోండి. ఇంట్లో ఆడవాళ్ళకు కాగితాలు ఎక్కడున్నాయో చెప్పి ఉంచండి. అమ్మే ముందు సంఘంలో ఒకరికి ఫోన్ చేయండి, మేము వస్తాం.

అక్కయ్య బండి ఇచ్చేసింది కానీ నోటు పుస్తకం ఇవ్వలేదు. కొన్న రైతు వరసలన్నీ ఫోటో తీసుకుని వెళ్ళాడు.