కొల్లేటి నల్లబురద

ఏలూరినుండి దక్షిణముగా కొల్లేటి గట్టునకు పోయినవారిని ముందుగా పలుకరించునది వాసన. నడివేసవిలో నీరు తీసిన చోట కాలు మోపినచో, పైపొర క్రింద కాటుకవంటి బురద, దానినుండి కుళ్లిన గ్రుడ్ల కంపు. ముక్కు మూసికొని పోవుట సులభమే కాని, ఆ కంపులో ఒక చరిత్ర యున్నది.

కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ మిగిలిన పల్లము. ఒకప్పుడు సముద్రము దీనికి చేరువగా నుండెననియు, నదుల ఒండ్రు మేటవేయగా తీరము దూరమైనదనియు భూశాస్త్రజ్ఞులు చెప్పుదురు. నేటికిని ఉప్పుటేరు దీనిని బంగాళాఖాతముతో కలుపుచున్నది. మంచినీరు తగ్గిన యేట సముద్రపు నీరు ఎదురెక్కి సల్ఫేటు లవణములను తెచ్చును. గాలి చొరని బురదలో కొన్ని బాక్టీరియాలు ప్రాణవాయువునకు బదులు ఆ సల్ఫేటుతోనే శ్వాసించి దుర్గంధవాయువును విడుచును. అది ఇనుముతో కలిసి బురదను నల్లబరచును. ఇట్టి జీవిని హాలెండులోని డెల్ఫ్టు నగరమున బైజరింకు 1895లో కనుగొనెను. ఎండిన కిక్కిస నీట పడినపుడు దాని పీచును విప్పు పని శిలీంధ్రములు మొదలిడును. మిగిలినది క్రిందనున్న బాక్టీరియాలు ముగించును.

ఆ 1895లోనే కొల్లేటికి అనతిదూరమున భీమవరములో యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన పరిశోధనలకు అధ్యక్షుడై యుండగా, డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి బంగారువన్నె మందును తీసెను. అదియే 1948లో వెలువడిన ఆరియోమైసిన్. దాని తల్లి బూజువలె దారములల్లును గాని, నిజమునకు బాక్టీరియాయే. ఆ యేటనే సుబ్బారావు కన్నుమూసెను. 1950లో అదే సంస్థవారు ఆ మందును మేతలో కలిపిన కోడిపిల్లలు త్వరగా పెరుగుటను గమనించిరి. రోగికై పుట్టిన మందు మేతలో చేరిన కథకు అది మొదలు. ఆ వాడుక చేపలకును రొయ్యలకును ప్రాకినది.

కొల్లేటి చుట్టును చెరువులు తవ్విన పిమ్మట ఇది మన యింటి సంగతి యైనది. శీలావతికి, బొచ్చెకు వేసిన తవుడులో తినక మిగిలినది అడుగున కుళ్లి అమ్మోనియా యగును. దానిని నైట్రేటుగా మార్చు బాక్టీరియాలకు ప్రాణవాయువు కావలెను. అది చాలని తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరచును; రైతు గుండె జారును. రోగము వచ్చినదని తలచి మందు పోసినచో, మేలుచేయు జీవులును నశించును. చావక మిగిలినవి మందునకు లొంగనివై పెరుగును. 2002లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివానిని మన దేశమున రొయ్యల పెంపకములో నిషేధించిరి. టెట్రాసైక్లిన్ శేషము కిలోకు 0.1 మిల్లీగ్రామునకు మించరాదనిరి.

అభయారణ్యపు హద్దులలోని చెరువుగట్లను 2006లో తెగగొట్టిరి. వెలుపలి చెరువులు మిగిలినవి. నేడు తాడేపల్లిగూడెము మొదలు కైకలూరు వరకు రైతులు బాసిల్లసు జాతి బాక్టీరియాలను పొట్లములలో కొని, బెల్లపునీట నానబెట్టి, చెరువులలో చల్లుచున్నారు. తాతల నాడు ఆ జాతివారు ఈ బురదలో అద్దె లేకయే కాపురముండిరి.