సేంద్రియం

సేంద్రియం అనే మాటను రసాయన శాస్త్రంలో కర్బన సమ్మేళనాలకు, వ్యవసాయంలో మొక్కలు, జంతువుల నుండి వచ్చిన పదార్థాలకు వాడతారు. ఈ రెండు అర్థాలు ఒకటి కావు. అందువలన యూరియా సేంద్రియమా కాదా అనే ప్రశ్నకు తరగతి గదిలో ఒక జవాబు, పొలంలో మరొక జవాబు వస్తుంది.

పదం పుట్టుక

స, ఇంద్రియ అనే మాటలు గుణసంధి వలన కలిసి సేంద్రియ అయినది. ఇంద్రియాలు, అనగా అవయవాలు కలది అని అర్థం. దీనికి వ్యతిరేక పదం నిరింద్రియం. 'సేంద్రీయ' అని దీర్ఘంతో రాయడం కూడా వాడుకలో ఉన్నది కాని, సంధి ప్రకారం హ్రస్వమే సరియైనది.

రసాయన శాస్త్రంలో

సేంద్రియ పదార్థాలు తయారు కావడానికి జీవశక్తి అవసరమని 19వ శతాబ్దపు ఆరంభంలో బెర్జీలియస్ మొదలైనవారు భావించారు. 1828లో జర్మనీకి చెందిన వోలర్, అంతవరకు మూత్రంలోని పదార్థంగా తెలిసిన యూరియాను అమ్మోనియం సయనేటు నుండి ప్రయోగశాలలో తయారు చేశాడు. 1845లో కోల్బే ఎసిటిక్ ఆమ్లాన్ని సంశ్లేషణ చేశాడు. క్రమంగా జీవశక్తి వాదం వీగిపోయి, సేంద్రియం అంటే కర్బన సమ్మేళనం అనే అర్థం స్థిరపడింది. అందుకే పాఠ్యపుస్తకాలలో కర్బన రసాయన శాస్త్రం అనే పేరు కనిపిస్తుంది.

అయితే కర్బనం ఉన్న ప్రతిదీ సేంద్రియం కాదు. బొగ్గుపులుసు వాయువు, సున్నపురాయి, వాషింగ్ సోడా, వజ్రం, గ్రాఫైటులను ఈ తరగతిలో చేర్చరు. పెట్రోలు, పాలిథీన్ మాత్రం ఈ తరగతికే చెందుతాయి.

వ్యవసాయంలో

పశువుల ఎరువు, కంపోస్టు, పచ్చిరొట్ట మొదలైనవి సేంద్రియ ఎరువులు. యూరియా అణుభారంలో కర్బనం 20 శాతం ఉన్నప్పటికీ, కర్మాగారంలో అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువుల నుండి తయారైన ఎరువు కనుక దానిని సేంద్రియ సాగులో అనుమతించరు.

నేలలో సేంద్రియ కర్బనం

2015లో ప్రారంభమైన భూసార పరీక్ష కార్డులలో చూపే 12 అంశాలలో సేంద్రియ కర్బనం ఒకటి. సాధారణంగా ఇది 0.5 శాతం కంటే తక్కువైతే తక్కువ, 0.75 శాతం కంటే ఎక్కువైతే ఎక్కువ అని లెక్కిస్తారు. కర్బనం విలువను 1.724తో హెచ్చిస్తే మొత్తం సేంద్రియ పదార్థం అంచనాగా తెలుస్తుంది. ఉదాహరణకు 0.5 శాతం కర్బనం అంటే సుమారు 0.86 శాతం సేంద్రియ పదార్థం.

1945లో స్థాపించబడిన వ్యవసాయ కళాశాల గల బాపట్ల తీరప్రాంత పట్టణం, దానికి సమీపాన ఉన్న స్టూవర్టుపురం తీరప్రాంత గ్రామం. సముద్రతీరపు ఇసుక నేలలలో బంకమట్టి తక్కువ కావడం వలన సేంద్రియ పదార్థం త్వరగా తరిగిపోతుంది. ఇటువంటి నేల కార్డులో సేంద్రియ కర్బనం తక్కువ అని వచ్చినపుడు యూరియా చల్లితే ఆ లోటు తీరదు. యూరియా నేలలో జలవిశ్లేషణ చెంది అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువులుగా విడిపోతుంది. పైరుకు నత్రజని అందుతుంది కాని, నేలలో సేంద్రియ పదార్థం పెరగదు. అందుకు జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పైర్లను కలియదున్నడం, పశువుల ఎరువు వేయడం అవసరం.

కావున ఈ మాట ఎదురైనపుడు అది ఏ శాస్త్రానికి చెందిన సందర్భమో గమనించి అర్థం చెప్పుకొనవలెను.