పిల్లి ప్లేట్‌లెట్ల లెక్క

మంగళగిరిలో ప్లేట్‌లెట్లంటే ఏమిటో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. వానాకాలం వచ్చిందంటే ఏ వీధిలోనైనా "కౌంట్ ఎంతకి పడింది?" అన్న మాట వినిపిస్తుంది. డెంగీ నేర్పిన మాట అది. ఇంట్లో పిల్లి జ్వరమొచ్చి తిండి మానేసినా, రక్తపరీక్ష కాగితంలో మన కళ్లు ముందు వెతికేది ఆ అంకెనే. పిల్లి విషయంలో ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1882లో ఇటలీలోని ట్యూరిన్‌లో జూలియో బిజ్జోజెరో సూక్ష్మదర్శిని కింద చూసి, ప్లేట్‌లెట్లు తెల్లకణాలూ ఎర్రకణాలూ కాని వేరే కణాలనీ, నెత్తురు గడ్డకట్టడంలో వీటికి పాత్ర ఉందనీ తేల్చాడు. 1906లో అమెరికాలో జేమ్స్ హోమర్ రైట్, ఎముక మజ్జలోని మెగాకార్యోసైట్లనే భారీ కణాల నుంచి ఇవి తెగి వస్తాయని చెప్పాడు. వైరస్ మజ్జను దెబ్బతీస్తే కౌంట్ ఎందుకు పడిపోతుందో దీంతో అర్థమవుతుంది.

పిల్లి పిల్లల్ని వాంతులతో, విరేచనాలతో చంపే పాన్‌ల్యూకోపీనియా వైరస్ జబ్బేనని 1928లో ఫ్రాన్స్‌లో వెర్జ్, క్రిస్టోఫొరోని చూపారు. 1939లో అమెరికాలో విలియం హామన్, జాన్ ఎండర్స్ ఆ జబ్బులో తెల్లకణాలు దాదాపు మాయమైపోవడాన్ని వివరంగా రాశారు. తెల్లకణాలు పుట్టే ఎముక మజ్జలోనే ప్లేట్‌లెట్లూ పుడతాయి కనుక అవీ తగ్గుతాయి. ఈ హామనే 1956లో మనీలాలో, రక్తస్రావంతో చిన్నారుల ప్రాణాలు తీస్తున్న జ్వరం వెనక డెంగీ వైరస్ ఉందని కనిపెట్టాడు. పిల్లి జబ్బునూ మన వీధి జ్వరాన్నీ ఒకే మనిషి పరిశోధించాడన్న సంగతి నాకు ఎప్పుడూ అబ్బురమే. 1963లో కలకత్తాను, మరుసటి ఏడు విశాఖపట్నాన్ని డెంగీ చుట్టుముట్టింది.

ఆ 1964లోనే గ్లాస్గోలో విలియం జారెట్ బృందం పిల్లుల ల్యుకీమియా వైరస్‌ను గుర్తించింది. ఇది నేరుగా మెగాకార్యోసైట్లలోకే చొరబడుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గడమే కాదు, మిగిలినవి ఉబ్బి వికారంగా తయారవుతాయి. ఎఫ్‌ఐపీ అనే కరోనావైరస్ జబ్బు దారి వేరు. రక్తనాళాల గోడలు వాచి, లోపలే చిన్న చిన్న గడ్డలు కట్టి, ఉన్న ప్లేట్‌లెట్లు ఖర్చయిపోతాయి. ఒకప్పుడు మరణశాసనంలాంటి ఈ జబ్బుకు నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్-441524 మందు వాడింది. 2019లో ప్రచురించిన ఆ పరిశీలనలో 31 పిల్లులకు 25 దీర్ఘకాలం బతికాయి.

ఇక కౌంట్ సంగతి. 1953లో పేటెంట్ పొందిన వాలెస్ కౌల్టర్ యంత్రం కణాలను పరిమాణం బట్టి లెక్కిస్తుంది. మనిషి రక్తంలో ప్లేట్‌లెట్లు ఎర్రకణాల కంటే బాగా చిన్నవి కాబట్టి ఇబ్బంది లేదు. పిల్లి ఎర్రకణాలు చిన్నవి, ప్లేట్‌లెట్లు పెద్దవి. యంత్రం పెద్ద ప్లేట్‌లెట్‌ను ఎర్రకణంగా లెక్కేస్తుంది. పైగా పిల్లి రక్తం సీసాలో పడగానే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని గుంపులు కడతాయి. రెండు మూడు లక్షలున్న ఆరోగ్యమైన పిల్లికి కూడా కాగితం మీద 20,000 అని పడవచ్చు.

అందుకే గాజుపలకపై రక్తం పూసి సూక్ష్మదర్శిని కింద చూసే పాత పద్ధతిని పశువైద్యులు వదల్లేదు. పూత అంచుల్లో గుంపులుంటే యంత్రం అంకె చెల్లదు. లేకపోతే నూనెచుక్క వేసి, పది చోట్ల కనిపించిన ప్లేట్‌లెట్ల సగటును 15,000తో హెచ్చిస్తే అసలు సంఖ్యకు దగ్గరగా వస్తుంది. గన్నవరంలో పశువైద్య కళాశాల 1998 నుంచి ఉంది. అక్కడిదాకా వెళ్లలేక దగ్గర్లోని ల్యాబ్‌లో రక్తమిచ్చినా, పలక చూశారా అని అడగండి. ఈలోగా డెంగీ అలవాటు కొద్దీ పిల్లికి పారాసిటమాల్ మాత్ర వేయకండి. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు.