యంత్రభాషకూ వాడుకభాష

గ్రాంథిక వ్యావహారిక వాదాన్ని తరగతిలో చెప్పినప్పుడల్లా నాకు మరో భాషాచరిత్ర గుర్తొస్తుంది. అది కంప్యూటర్ భాషల చరిత్ర.

యంత్రానికి తెలిసినవి అంకెలే. ఆ అంకెల ఆదేశాలకు గుర్తుగా పెట్టుకున్న పొట్టి మాటలే అసెంబ్లీ భాష. 'అ = ఆ + ఇ × ఈ' అన్న సూత్రానికి అందులో నాలుగు ఆదేశాలు కావాలి: ఇ విలువను తీసుకో, ఈ విలువతో గుణించు, ఆ విలువను కలుపు, ఫలితాన్ని అ లో ఉంచు. సూత్రాన్ని చదివి ఈ ఆదేశాలను తానే రాసిపెట్టే ప్రోగ్రామే కంపైలర్. ముందు పదవిభాగం, తర్వాత అన్వయం, ఆ పిమ్మట ఆదేశాలు. గుణకారం కూడికకంటె ముందు జరగాలని తేల్చేది అన్వయమే. పద్యానికి ప్రతిపదార్థం చెప్పేవారికి ఇది పరాయి విద్య కాదు.

1952లో గ్రేస్ హాపర్ యూనివాక్ మీద ఏ-0 నడిపించారు. అది సిద్ధంగా ఉన్న ప్రోగ్రాం ముక్కలను ఏరికూర్చేది. సూత్రాలను అనువదించేది కాదు. ఆ అనువాదాన్ని పెద్దయెత్తున సాధించింది ఐ.బి.ఎం.లో జాన్ బాకస్ బృందం. 704 యంత్రానికి వారు తయారుచేసిన ఫోర్ట్రాన్ 1957లో బయటికి వచ్చింది.

ఇది కేవలం మేధావుల ఉత్సాహమనుకుంటే పొరపాటు. ఆనాటి కంప్యూటర్ కేంద్రాలలో ప్రోగ్రామర్ల ఖర్చు యంత్రం ఖర్చుకు తీసిపోయేది కాదు. దాన్ని తగ్గించుకోవాలన్న ఆర్థికావసరమే ఈ భాషను కన్నది.

ప్రతిఘటనా వచ్చింది. యంత్రం రాసే కోడు తమ చేతిరాతకు సాటిరాదన్నారు ఆరితేరినవాళ్ళు. ఆ ధోరణిని తర్వాత బాకసే పురోహితవర్గంతో పోల్చారు. అందుకే బృందం శ్రమలో పెద్దభాగం కోడును మెరుగుపరచడానికే పోయింది. ప్రోగ్రాంలో ఏ భాగం ఎన్నిసార్లు నడుస్తుందో అంచనాకట్టే విభాగాన్ని రాసినవారు లోయిస్ హైబ్ట్ అనే మహిళ. కీర్తి మాత్రం ఎక్కువగా నాయకుడి పేరుమీదనే నిలిచింది. సాహిత్య చరిత్రలోనూ మనం ఎరిగిన అన్యాయమే ఇది.

అయినా ఫలితం ప్రగతిశీలమైనదే. అసెంబ్లీ తెలియని శాస్త్రజ్ఞుడు కూడా తన సూత్రాన్ని తానే యంత్రానికి చెప్పగలిగాడు. 1966లో ప్రమాణం ఏర్పడడంతో ఫోర్ట్రాన్ ఒక్క కంపెనీ సొత్తుగా మిగలలేదు.

కాని ఆ భాషలోని 'ఇఫ్', 'డూ' ఇంగ్లీషు మాటలే. రహస్యవిద్య ఒక మెట్టు దిగింది. దిగి ఇంగ్లీషు గుమ్మం దగ్గర ఆగింది. అవతల నిలబడ్డ మా బడిపిల్లల కోసం అది ఇంకో మెట్టు దిగాలి. ఆ పనిలో భాష తెలిసిన మనకూ వాటా ఉంది.