కంటి గూటి రక్తనాళపు గడ్డలు

కనుగుడ్డు చుట్టూ ఉండే ఎముకల గూటిలో రక్తనాళాల నుంచి పుట్టే, క్యాన్సర్ కాని గడ్డలివి. ఒంట్లో మరో చోటికి పాకవు. అయితే పెద్దవారి కంటి గూడు పట్టేది దాదాపు 30 మిల్లీలీటర్లే. కనుగుడ్డు, దాన్ని తిప్పే కండరాలు, చూపు నరం అందులోనే సర్దుకోవాలి. అందుకే చిన్న గడ్డయినా కంటిని ముందుకు నెట్టవచ్చు, చూపు నరాన్ని నొక్కవచ్చు. చికిత్సకు ఎంత తొందర ఉందో గడ్డ సైజు ఒక్కటే చెప్పదు. చూపుకున్న ముప్పు, రోగి వయసు కూడా చూడాలి.

రకాలు

పెద్దవారిలో ఎక్కువగా కనిపించేది కేవర్నస్ హీమాంజియోమా. ఇది నడివయసులో, ముఖ్యంగా మహిళల్లో, ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. 1982లో మల్లికెన్, గ్లోవాకీ చేసిన వర్గీకరణ ప్రకారం ఇది సిరల నిర్మాణ లోపం. పాత పేరు మాత్రం వాడుకలో నిలిచిపోయింది.

పసిపిల్లల్లో వచ్చేది ఇన్‌ఫాంటైల్ హీమాంజియోమా. పుట్టిన కొద్ది వారాల్లో ఎర్రటి మచ్చగానో, రెప్ప కింద నీలి వాపుగానో బయటపడుతుంది. మొదటి నెలల్లో వేగంగా పెరిగి, ఆ తర్వాత కొన్నేళ్లలో దానంతటదే కరుగుతుంది.

గుర్తించడం

పెద్దవారిలో తొలి లక్షణం నొప్పి లేకుండా ఒక కన్ను ముందుకు రావడం. డాక్టరు రోగి వెనక నిలబడి, తల పైనుంచి రెండు కళ్లనూ పోల్చి చూస్తారు. హెర్టెల్ కొలత పరికరంలో రెండు కళ్ల మధ్య తేడా 2 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి. గడ్డ కనుగుడ్డును వెనక నుంచి అదిమినప్పుడు ప్లస్ పవర్ పెరుగుతుంది. ఒక్క కంటి అద్దాల నంబరే మారుతూ పోతుంటే, చత్వారం అనుకుని వదిలేయకూడదు. స్కానింగ్‌లో అంచులు స్పష్టంగా ఉన్న గుండ్రటి గడ్డ కనిపిస్తుంది. ఎమ్మారైలో ఎక్కించిన మందు మొదట ఒక చోట చేరి, నిదానంగా గడ్డంతా నిండుతుంది. థైరాయిడ్ జబ్బు వల్ల కూడా కళ్లు ముందుకొస్తాయి కనుక రక్తపరీక్ష అవసరం. పిల్లల్లో రోజుల వ్యవధిలో పెరిగే వాపును క్యాన్సర్ కాదని తేలేదాకా వదలకూడదు.

చికిత్స

ఇబ్బంది పెట్టని కేవర్నస్ గడ్డను ఏటేటా పరీక్షిస్తూ ఉంటే చాలు. చూపు తగ్గినా, చూపు నరం వాచినా, కన్ను బాగా ముందుకొచ్చినా ఆపరేషన్ చేస్తారు. గడ్డకు పలచటి తొడుగు ఉంటుంది కనుక, అతిశీతల ప్రోబ్‌ను తాకించి, గడ్డను దానికి అంటుకునేలా గడ్డకట్టించి, మెల్లగా లాగి మొత్తంగా తీసేస్తారు. లోతుగా ఉంటే కణత వైపు ఎముకను తొలగించి దారి చేస్తారు. ఈ పద్ధతిని క్రోన్‌లైన్ 1888లో వివరించారు. గూటి కొసన, చూపు నరాన్ని ఆనుకున్న గడ్డలే కష్టం. వాటి ఆపరేషన్‌లో చూపు పోయే ప్రమాదం ఉంటుంది.

పసిపిల్లల చికిత్సను 2008 మార్చేసింది. గుండె జబ్బుకు ప్రొప్రనొలాల్ ఇచ్చిన బిడ్డకు హీమాంజియోమా కుంచించుకుపోవడాన్ని ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు ప్రకటించారు. ఇప్పుడు తొలి మందు అదే. గుండె వేగం, రక్తంలో చక్కెర పడిపోకుండా, పాలు పట్టించాకే, డాక్టరు పర్యవేక్షణలోనే ఇవ్వాలి. కరిగిపోయే గడ్డే కదా అని ఆగితే, రెప్ప చూపును కప్పేసి ఆ కంటికి లేజీ ఐ రావచ్చు. గడ్డ పోయినా ఆ చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

వేములపల్లి వారికి దారి

నల్లగొండ జిల్లా వేములపల్లి నుంచి మిర్యాలగూడ, నల్లగొండ దగ్గరి వైద్య కేంద్రాలు. నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో మొదలైంది. కంటి గూటి ఆపరేషన్లకు హైదరాబాద్ వెళ్లాలి. ప్రభుత్వ రంగంలో మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి, స్వచ్ఛంద రంగంలో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్నాయి. వెళ్లేటప్పుడు పాత ఫొటోలు, అద్దాల చీటీలు వెంట తీసుకెళ్తే కన్ను ఎప్పటినుంచి మారిందో డాక్టరుకు తేలిగ్గా తెలుస్తుంది. పెద్దవారికి ఆ ప్రయాణం సాధారణంగా కొన్ని వారాలు ఆగవచ్చు, చూపు తగ్గుతుంటే మాత్రం ఆగకూడదు. రెప్ప మూసుకుపోతున్న పసిబిడ్డను వెంటనే తీసుకెళ్లాలి.