జోనంగి: కొల్లేటి బయళ్ళలో పెరిగిన జాగిలం

బూర్గంపాడు దగ్గర ఒక వైపు గోదావరి ఇసుక తిన్నెలు, మరొక వైపు టేకు, వెదురు, తునికి పెరిగిన అడవి. పూర్వం ఈ అడవులలో కోయలు కుక్కలను వెంటబెట్టుకొని వేటకు పోయేవారు. పది గజాల అవతల ఏమున్నదో కనబడని పొదలలో కుక్కకు ముక్కే ఆధారం. కంటితో చూచి, పరుగుతో పట్టే జాగిలానికి అక్కడ పని తక్కువ. దానికి బయలు కావాలి. అటువంటి బయలు చూడాలంటే గోదావరి వెంట పాపికొండలు దాటి, దిగువన డెల్టాకు పోవాలి. ఆ పోలిక గల తెలుగు కుక్క జోనంగి పెరిగినది అక్కడే, కొల్లేరు చుట్టుప్రక్కల.

చూపుతో వేటాడే కుక్కలకు కోల మూతి, లోతైన రొమ్ము, లోపలికి పోయిన పొట్ట ఉంటవి. గుర్రం దౌడు తీసేటప్పుడు అంగకు ఒకసారి మాత్రమే నాలుగు కాళ్ళూ నేలను విడుస్తవి. గ్రేహౌండు వంటి జాగిలానికైతే రెండుసార్లు: ఒళ్ళు ముడుచుకొన్నప్పుడు ఒకసారి, చాచినప్పుడు మరొకసారి. విల్లువలె వంగే వెన్నెముకే ఇందుకు కారణం.

ఇంత వేగం గల కుక్కకు కొల్లేటి రైతులు అప్పగించిన పని విచిత్రమైనది: బాతులను కాయడం! కోతలైన చేలలో రాలిన గింజలు ఏరుకొనే మందను చెదరకుండా మళ్ళించాలి, కాని ఒక్క బాతునూ కరవకూడదు. ఈ గుణం ఉన్న కుక్క పిల్లలనే తరతరాలుగా ఉంచుకొంటే జాతి ఏర్పడుతుంది. జోనంగి వెంట్రుకలు మిక్కిలి పొట్టివి. మొరగడం కంటె రాగం తీసినట్లు కూయడం దాని అలవాటు. నేలలో గుంత త్రవ్వుకొని పడుకొంటుంది. లోపలి మట్టి చల్లగా ఉంటుంది గదా!

ఇంగ్లండు బొగ్గు గనుల కూలీలు 19వ శతాబ్దిలో విప్పెట్ అనే చిన్న జాగిలాన్ని పందేలకు పెంచేవారు. పందేలు తగ్గినా ఆ జాతి నిలిచింది, ఎందుకంటే దాని వంశావళి అప్పటికే పుస్తకాలకెక్కింది. జోనంగికి పుస్తకం లేదు. పనే దానికి పుస్తకం. కొల్లేటిలో చేపల చెరువులు పెరిగిన కొద్దీ బాతుల మందలు తగ్గినవి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించి, 2006లో ఎన్నో చెరువుల గట్లు కొట్టివేశారు. అది పక్షుల కోసం. కుక్కను తలచినవారు తక్కువ. 2005లో తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల బిళ్ళలు వేసినప్పుడూ జోనంగికి చోటు దొరకలేదు.

పనిలేని కుక్క ఊరకుక్కలతో కలుస్తుంది. మొదటి తరంలో జోనంగి పాలు సగం, రెండవ తరంలో పాతిక, మూడవ తరంలో ఎనిమిదవ వంతు. కుక్కల తరం రెండేండ్లనుకొన్నా ఇందుకు ఆరేండ్లు చాలును.

ఇప్పటికీ కొందరు దీనిని ఇండ్లలో పెంచుతున్నారు. పిల్లగా ఉన్నప్పుడే డిస్టెంపరు, రేబిస్ టీకాలు వేయించడం ఏ కుక్కకైనా తప్పదు. శస్త్రచికిత్స అవసరమైతే ఇది జాగిలాల పోలికదని పశువైద్యునికి ముందే చెప్పడం మేలు. గ్రేహౌండ్ల ఒంట్లో కొవ్వు తక్కువ, కొన్ని మత్తు మందులను వాటి కాలేయం మెల్లగా విరుస్తుంది. థయోపెంటాల్ ఇస్తే అవి తేరుకోవడానికి చాలా సేపు పడుతుంది. ఇక పెరడంతా గచ్చు చేయకుండా ఒక మూల మెత్తని మట్టి వదలిపెట్టాలి. ఎండాకాలం మధ్యాహ్నం అది వెదకేది ఆ మూలనే.