నుమాయిష్: హైదరాబాదు జనవరి వేడుక

హైదరాబాదు నగరమునకు జనవరి మాసము ప్రత్యేకమైన కాలము. వానలు వెనుకబడి చాలా దినములైనది. ఎండలు ఇంకను రాలేదు. సాయంకాలమగుసరికి సన్నని చలి మొదలగును. శాలువ కప్పుకొనిన చాలును, ఎంత దూరమైనను నడువవచ్చును. పల్లెలలో పంట ఇంటికి చేరి, సంక్రాంతికి చుట్టములు వచ్చు రోజులివి. సంవత్సరము పొడుగునను పొద్దు గుంకగానే ఇల్లు చేరు గృహస్థుడు కూడ ఈ మాసమున దీపములు పెట్టిన తరువాత భార్యాబిడ్డలతో బయలుదేరును. ఎక్కడికని అడుగనక్కరలేదు. జనవరి 1వ తేదీన నాంపల్లిలో నుమాయిష్ ద్వారములు తెరచుట, ఫిబ్రవరి 15వ తేదీ వరకు ఆ సందడి సాగుట నగరవాసులకు పంచాంగములోని పండుగవలె అలవాటైనది.

పిల్లలకు రంగులరాట్నము, చిన్న రైలుబండి కావలెను. స్త్రీలకు కాశ్మీరు శాలువలు, లక్నో చికను పనితనము, గాజులు కావలెను. పెద్దవారు ఏమియు కొననని ఇంటిదగ్గర ప్రతిజ్ఞ చేసి వచ్చి, తిరిగి పోవునపుడు రెండు సంచులు మోసికొని పోవుదురు. చివరకు అందరును వేడివేడి మిరపకాయ బజ్జీల దగ్గర కలిసికొందురు. ఈలోగా తప్పిపోయిన పిల్లవాని పేరు, వాడు తొడిగిన చొక్కా రంగు లౌడుస్పీకరులో వినవచ్చును. ఇది వినోదము. అయితే ఈ ప్రదర్శనము వినోదము కొరకు పుట్టలేదు. దీనిని పుట్టించినది ఒక ప్రశ్న. ఆ ప్రశ్న యేదో తెలిసికొనుట ఈ వ్యాసోద్దేశము.

‘నుమాయిష్’ అనగా ప్రదర్శనము. పారసీకము నుండి ఉర్దూలోనికి వచ్చిన మాట. కాని నేడు మనము పలుకు పేరు అసలు పేరులో ఒక ముక్క మాత్రమే. 1938లో దీనికి పెట్టిన పేరు ‘నుమాయిష్ మస్నూఆత్-ఎ-ముల్కీ’. మస్నూఆత్ అనగా తయారు చేయబడిన వస్తువులు. ముల్కీ అనగా ఈ దేశమునకు చెందినవి. అనగా స్వదేశీ వస్తు ప్రదర్శనమని అర్థము. ఇక్కడ దేశమనగా నిజాము ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానము.

ఈ యత్నము ప్రభుత్వ కచేరీలో పుట్టినది కాదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమమున ఉన్నత విద్య నేర్పుచు ఇరువది యేండ్లలో ఒక కొత్త తరము పట్టభద్రులను తయారు చేసినది. వారు ఒక సంఘముగా ఏర్పడినారు. ఆ సంఘములో ఆర్థిక విషయములను విచారించుటకు ఒక ఉపసంఘమును పెట్టుకొన్నారు. మన సంస్థానమున ఏ వస్తువులు తయారగుచున్నవి, ఎవరు తయారు చేయుచున్నారు, వారి బ్రతుకు తెరువు ఎట్లున్నది, బయటి నుండి మనము కొనుచున్న వాటిలో ఇక్కడనే చేసికొనదగినవి ఏవి, ఇవి వారి ప్రశ్నలు. సమాధానము చెప్పవలెనన్న సంస్థానమంతట ఆర్థిక పరిశీలన జరుపవలెను. అందుకు ధనము కావలెను. ధనము కొరకు ప్రదర్శనము పెట్టుదమని నిశ్చయించినారు. వారు చేత పట్టుకొని బయలుదేరిన మూలధనము రెండున్నర రూపాయలని చెప్పుట పరిపాటి.

పేరులోని ‘ముల్కీ’ అను మాటను కొంచెము నిలిచి చూడవలెను. ఆనాటికి ఆ మాట ప్రధానముగా ఉద్యోగములకు సంబంధించినది. సంస్థాన కొలువులలో బయటి నుండి వచ్చినవారి సంఖ్య పెరుగుచున్నదని స్థానికులకు చిరకాలముగా అసంతృప్తి యుండెను. 1919 నాటి ఫర్మానాతో పదునైదేండ్ల నివాసము ముల్కీ హక్కునకు ఒక ప్రమాణమైనది. అట్టి మాటను ఈ పట్టభద్రులు కొలువు నుండి కొలిమికి, కచేరీ నుండి మగ్గమునకు తెచ్చినారు. ఉద్యోగికి ముల్కీ గౌరవము కావలసినపుడు నేతగానికి, కంచరికి మాత్రము ఏల అక్కరలేదు? ఇది చిన్న మార్పు కాదు.

మొదటి ప్రదర్శనము పబ్లిక్ గార్డెన్సులో జరిగినది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను ప్రారంభోత్సవము చేసినారు. సుమారు నూరు స్టాళ్లు, పది దినముల వేడుక. ఆనాటికి సంస్థానమున యంత్ర పరిశ్రమలు లేకపోలేదు. వరంగల్లున ఆజంజాహి మిల్లు 1934లో వెలసినది. బోధనులో చక్కెర కర్మాగారము ఆ దినములలోనే తల యెత్తుచుండెను. కాని సంస్థానమునకు అసలైన సంపద చేతి పనివారు. ఔరంగాబాదు హిమ్రూ వస్త్రములు, బీదరు నగరపు నల్లని లోహముపై వెండి పొదిగిన బిద్రీ పాత్రలు, కరీంనగరపు వెండి తీగ పని, నిర్మల కొయ్య బొమ్మలు, వరంగల్లు తివాచీలు ఇట్టివి. తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు మాట్లాడు మూడు ప్రాంతముల పనితనమును రాజధాని నగరము ఒక్కచోట చూడగల అవకాశమునకు ఆ ప్రదర్శనము దారి తీసినది.

అదే 1938 సంవత్సరాంతమున అదే ఉస్మానియా విశ్వవిద్యాలయమున వందేమాతర ఉద్యమము రేగినది. గీతమును పాడినందుకు విద్యార్థులు బహిష్కృతులైనారు. పలువురు నాగపురము వెళ్లి చదువు కొనసాగించినారు. ఒకే విద్యాలయపు బిడ్డలలో కొందరు నిజాము చేత ప్రదర్శనమును ప్రారంభింపజేసిరి. కొందరు నిజాము ప్రభుత్వమును ధిక్కరించిరి. దారులు వేరైనను రెండింటికిని మూలమైన ప్రశ్న ఒక్కటే: ఈ దేశము ఎవరిది?

1946లో ప్రదర్శనము నాంపల్లి సమీపమున నేడున్న విశాల మైదానమునకు మారినది. సర్ మీర్జా ఇస్మాయిల్ అప్పుడు సంస్థాన ప్రధాని. 1947, 1948 సంవత్సరములలో ప్రదర్శనము జరుగలేదు. ఆ రెండేండ్లు సంస్థానమున ఎట్టి అల్లకల్లోలముతో గడచినవో పెద్దలకు తెలియును. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో సంస్థానము భారతదేశమున కలిసినది. మరుసటి సంవత్సరము, 1949లో, గవర్నరు జనరలు చక్రవర్తి రాజగోపాలాచారి ప్రదర్శనమును ప్రారంభించినారు. పేరు కూడ మారినది. అది ‘అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనము’ అయినది. ‘ముల్కీ’ అను మాట ద్వారబంధము మీది నుండి దిగిపోయినది.

దిగిపోయిన మాట మాసిపోలేదు. కొద్ది యేండ్లకే, 1952లో, ఉద్యోగముల విషయమై అదే మాట నినాదమై నగర వీథులలో వినవచ్చినది. కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. 1969లో మరల వినవచ్చినది. మరొక విచిత్రము చూడుడు. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగి ఔరంగాబాదు బొంబాయి రాష్ట్రమునకు, బీదరు మైసూరు రాష్ట్రమునకు చేరినవి. హిమ్రూ, బిద్రీ ఒక్క దినములో పొరుగు రాష్ట్రపు వస్తువులైనవి. పాత పేరే నిలిచి యున్నయెడల అవి ఈ మైదానమునకు పరాయివి కావలసి వచ్చెడిది. పేరు మారినందువలన వాటికి ఇక్కడ చోటు పోలేదు. ఒక మాట పోగొట్టుకొని నుమాయిష్ పాత చుట్టరికమును నిలుపుకొన్నది.

నుమాయిష్ నిర్వహించు ఎగ్జిబిషన్ సొసైటీ టిక్కెట్ల వలనను, స్టాళ్ల అద్దెల వలనను వచ్చిన ధనమును విద్యాసంస్థలకు మళ్లించినది. మైదానము ప్రక్కనే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ పాలిటెక్నికు వెలసినవి. రెండును బాలికలకు ఉద్దేశింపబడినవే. జనవరి సాయంకాలము తండ్రి టిక్కెట్టు కొని బిడ్డను రంగులరాట్నము ఎక్కించును. ఆ పైకమే చేరి చేరి ఆ బిడ్డ పెద్దదైన పిదప చదువుకొను తరగతి గదికి ఇటుకయగును.

ఇటీవల కష్టములును వచ్చినవి. 2019 జనవరి 30వ తేదీ రాత్రి అగ్నిప్రమాదము జరిగి వందలాది స్టాళ్లు కాలిపోయినవి. ప్రాణనష్టము లేకపోవుట అదృష్టము. కాని దూరదేశముల నుండి సరుకు తెచ్చిన చిన్న వర్తకులకు సీజనంతటి ఆశ ఒక్క రాత్రిలో బూడిదయైనది. అయినను కొద్ది దినములకే ద్వారములు మరల తెరచుకొన్నవి. మహమ్మారి కారణమున 2021లో ప్రదర్శనము జరుగలేదు. 2022లో ప్రారంభమైన వెంటనే నిలిచిపోయి, ఫిబ్రవరి నెలాఖరున తిరిగి మొదలైనది. మైదానము చీకటిగా నున్న ఆ జనవరిలో నగరమునకు ఏదో వెలితిగా తోచినది.

నాటి నూరు స్టాళ్లు నేడు వేయి దాటినవి. మెట్రో రైలు మైదానము చెంతనే జనమును దింపుచున్నది. అయినను 1938లోని ప్రశ్నకు సమాధానము మాత్రము ఇంకను పూర్తి కాలేదు. నేడు కోరిన వస్తువు ఇంటి వాకిటికే వచ్చును. దానిని ఎవరు చేసినారో, ఎక్కడ చేసినారో కొనువారికి తెలియదు. నుమాయిష్‌లో నేతగాడే చీర పరచును, పని చేసినవాడే ధర చెప్పును అను స్టాళ్లు ఇప్పటికిని కొన్ని కలవు. అవి లేని నాడు దీపములు, రాట్నములు, బజ్జీలు మిగులును గాని నుమాయిష్ మిగులదు.

కనుక ఈ జనవరిలో అక్కడికి వెళ్లినపుడు బేరమాడుటకు ముందు ఒక్క మాట అడుగుడు: అయ్యా, ఇది ఏ యూరిలో చేసినారు, ఎవరు చేసినారు? రెండున్నర రూపాయలతో బయలుదేరిన ఆ యువకులు అడిగిన ప్రశ్న అదియే.